వెల్డింగ్ చేసిన గొర్రెల కాపరి

"గొర్రెకు ముందువైపు పైపళ్ళు ఎన్ని?" అని అడిగాను.

లింబాద్రి నా మొహం చూశాడు, తర్వాత నేల చూశాడు, తర్వాత అటూ ఇటూ ఎక్కడైనా గొర్రె కనబడుతుందేమో అన్నట్టు యార్డంతా చూశాడు. గొర్రెలు లేవు. ట్రాఫిక్ పోలీసులు పట్టి తెచ్చిన లారీలు, నుజ్జయిన కార్లు ఉన్నాయి. వాటి చివర, జాకీల మీద పక్కకు ఒరిగి నిలబడ్డ తెల్లటి కారవాన్ ఉంది. మేమిద్దరం ఇక్కడికి వచ్చింది దాని కోసమే.

"ఎనిమిది ఉంటయి సార్," అన్నాడు చివరికి.

"బాగా గుర్తుండాదా?"

"ఆ... ఎనిమిదే."

"అప్పా లింబాద్రీ, గొర్రెకు పైన ముందుపళ్ళే ఉండవు. ఉత్త చిగురు. మా ప్రొద్దుటూరు సంతలో ఒక పూట తిరిగినోడికి కూడా ఆ సంగతి తెలుసు. నీ ఇకామా పర్మిట్టు చూస్తే నువ్వు ఆరేండ్లుగా గొర్రెలు కాస్తాండావు. ఒక్కదాని నోరు కూడా తెరిచి చూడలేదా?"

లింబాద్రి నలభై ఏళ్ళ మనిషి, నిజామాబాద్ జిల్లా వాడు. పొద్దున్నే చలిగా ఉంది కాబట్టి చొక్కా చేతులు మణికట్టు దాకా దించుకుని బొత్తాలు పెట్టుకున్నాడంటే ఆశ్చర్యం లేదు. కానీ టీ గ్లాసు అందుకోవడానికి చెయ్యి చాపినప్పుడు చొక్కా చెయ్యి పైకి జరిగింది. మణికట్టు మీద చిన్న చిన్న నల్లటి కాలిన మచ్చలు, చల్లినట్టు. అవి గొర్రె కరిస్తే వచ్చేవి కావు.

నా పేరు మస్తాన్ వలీ. రియాద్‌లో ఒక బీమా కంపెనీకి సర్వేయర్‌ని. ప్రమాదం జరిగిన ప్రతిచోటికీ పోయి తప్పెవరిదో తేల్చడం నా పని. డిటెక్టివ్ అనగానే పొడుగు కోటు ఊహించుకునేవాళ్ళు నన్ను చూస్తే నీరసపడతారు. నా సామాను ఒక టార్చి, ఒక చిన్న అద్దం, ఒక నడుంనొప్పి. నాకు అబద్ధాలంటే కోపం, అందులోనూ చేతకాని అబద్ధాలంటే మరీ కోపం.

ఈ కేసు చూడటానికి సులువైనదే. నాలుగు రోజుల కిందట, ఆదివారం సాయంత్రం నాలుగూ పదికి, ఒక రిటైరైన బడిపంతులు ఎడారి విడిదికి తన కొత్త కారవాన్‌ను కారుకు తగిలించుకుని ఈ హఫర్ అల్ బాతిన్ ఊరి నుంచి కైసూమా రోడ్డు మీద పోతున్నాడు. కుడివైపు వెనక చక్రం దగ్గర కమాను కట్టను ఛాసిస్‌కు పట్టి ఉంచే ఇనుప చెవి ఊడింది. దాన్ని హ్యాంగర్ అంటారు. చక్రం వంకర పోయి కారవాన్ ఒరిగింది, కారు గుంటలోకి దిగింది, పంతులుగారి కొడుక్కి కాలు విరిగింది. ప్రాణాలు దక్కాయి, అల్హందులిల్లా. కారవాన్ కొని రెండు నెలలు కూడా కాలేదు. అమ్మిన డీలర్ ఒక ఉత్తరం రాశాడు: మా బండి భేషైనది, ముందురోజు ఎవరో అనుమతి లేని పనివాడు హ్యాంగర్‌కు వెల్డింగ్ చేసి చెడగొట్టాడు. ఆ పనివాడు లింబాద్రి.

పోలీసులు విడిచిపెట్టేముందు రాయించుకున్న లింబాద్రి వాంగ్మూలం ఒక్క ముక్క: నేను గొర్రెల కాపరిని, నాకు వెల్డింగ్ రాదు.

ఈ రోజు గురువారం. టైము పదకొండు. ట్రాఫిక్ ఆఫీసరు రెండున్నరకు ఇంటికి పోతే మళ్ళీ ఆదివారమే కుర్చీలో కూర్చుంటాడు. నా రిపోర్టు ఆ లోపల అందాలి. లింబాద్రికి దేశం వదిలి పోవడానికి ఫైనల్ ఎగ్జిట్ పడి ఉంది, దాని గడువు శనివారంతో సరి. రేపు రాత్రి దమ్మాం నుంచి హైదరాబాద్‌కు టికెట్టు. నేను తప్పు అతనిదే అని రాస్తే జైలు. నిజం తేలక ఊరకున్నా ఎగ్జిట్ గడువు దాటి, కేసుతో, పనిలేకుండా ఇక్కడే ఇరుక్కుంటాడు. అతనికీ ఆ లెక్క తెలుసు.

"ఊర్లో ఏం చేద్దామని పోతాండావు?" అన్నాను.

"మా బామ్మర్ది, నేను గల్సి ఆర్మూర్ రోడ్డు మీద షటర్ కిరాయికి తీసుకున్నం సార్. గేట్లు, గ్రిల్లులు..." అని, నోరు కరుచుకున్నాడు.

"గేట్లు, గ్రిల్లులు గొర్రెలు చేస్తాయా?"

ఈసారి అతని మొహంలో భయం కంటే అలసట ఎక్కువ కనబడింది. గ్లాసు కింద పెట్టాడు.

"సార్, నిజం జెప్తే వీసా ఇచ్చిన నా కఫీల్‌కు జుర్మానా పడ్తది, నన్ను లోపలేస్తరు. కాపరి వీసా మీద అచ్చి వెల్డింగ్ జేస్తుంటే పట్టుకుంటే ఇంతే అని నాకెర్కనే. మొదలు సనాయియాల, గీ షెడ్ల ఏరియాల, ఒక షాపుల జేస్తుంటి. పరాయి పనోళ్ళ మీద లెవీ పెంచిండ్రు గదా, ఆ షాపాయన షటర్ గుంజిండు. కఫీల్ మంచోడే, ఎగ్జిట్ గొట్టిచ్చిండు. మల్ల ఆయిననే జెప్పిండు, మా చుట్టం కారవాన్ ఊగుతుందట, పోయి జూడు అని. పోలీసులు అచ్చినంక మాత్రం గొర్లు మేపుతనని జెప్పు, ఇంకేం జెప్పకు అన్నడు. గప్పట్నుంచి ఫోన్ ఎత్తుతలేడు. పాస్‌పోర్టు ఆయిన దగ్గర్నే ఉన్నది."

"నా రిపోర్టు ఇనుము గురించి. ఇకామా గురించి కాదు. ఎవురు పంపితే పోయినావో నేను రాయను. కానీ ఏం చేసినావో రాస్తాను. చెప్పు, చేసినావా?"

"జేసిన సార్. గని ఇరిగింది నేను జేసింది గాదు."

ఇలాంటి మాట ప్రతి కేసులోనూ వింటాను. పదిమందిలో తొమ్మిదిమంది అబద్ధం చెబుతారు. అందుకే నడుం మీద చెయ్యి వేసుకుని లేచాను.

"పా. చూపిద్దువు."

కారవాన్ కిందికి ఇద్దరం వెల్లకిలా దూరాం. ఎడమవైపు వెనక హ్యాంగర్ మీద టార్చి వేశాను. దానికి ఒక పట్టీ ముక్క అతికించి ఉంది. చుట్టూ రాడ్డు వెల్డింగ్, ఒకే లయలో, పొలుసులు పొలుసులుగా, చేప వీపులా. వేలితో తడిమాను. కన్ను మూసుకుని చెప్పొచ్చు, అది చెయ్యి తిరిగినవాడి పని. మొత్తం కారవాన్ బోర్లా పడబోయినా ఆ చెవి కదల్లేదు.

"ఇది నాది," అన్నాడు. "ఎడమది జూస్తే పగులున్నది. కుడిదాన్ని జూస్తే అదీ పగిలే ఉన్నది. నా దగ్గర రాడ్లు అయిపోయినయి. చీకటి గూడ అయింది. పంతులుకు చేతులు ఊపుతూ, బుక్రా, బుక్రా, రేపు జేస్త, గాడీ తియ్యద్దు అని జెప్పిన. ఆయిన సరే అన్నడు. తెల్లారి నేను పోయేసరికి బండి లేదు."

"చెప్పినట్టు సాక్ష్యం?"

"బలపంతోని రాసిన సార్. కుడి చెవి పక్కన్నే, ఛాసిస్ మీద. మా ఆర్మూర్ ఉస్తాద్ నేర్పిండు. పని సగంల ఆపితే దాని మీద రాసే దిగాలె. లేకపోతే ఇంకోడు అచ్చి పూర్తయిందనుకొని బండి పంపిస్తడు."

"ఏ భాషలో రాసినావు?"

"తెలుగుల."

నాకు నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. హఫర్ అల్ బాతిన్‌లో, బడిపంతులు షేక్‌గారి బండి కింద, తెలుగులో హెచ్చరిక.

"ఎవురు చదువుతారని?"

"చదువుతరని గాదు సార్. రాయకుంటే చెయ్యి ఊకోదు."

కుడివైపుకు పాకాం. హ్యాంగర్ ఉండవలసిన చోట చిరిగిన ఇనుము. దాని పక్కన ఛాసిస్ మీద గీత లేదు, అక్షరం లేదు. శుభ్రంగా తళతళలాడుతోంది. ముక్కు దగ్గర పెట్టి వాసన చూశాను. డీజిల్. ఎవరో గుడ్డతో తుడిచారు.

లింబాద్రి ఆ చోటును చేత్తో తడిమి తడిమి చూశాడు. "ఈడనే ఉండె సార్. ఒట్టు, ఈడనే ఉండె," అన్నాడు. అతను చెప్పింది నిజమని నేను నమ్మాను. నమ్మకం మీద రిపోర్టు రాయలేను.

"ఏంది మస్తాన్ భాయ్, మీరు కింద, లోకం మీద," అన్న గొంతు వినబడింది. నా కళ్ళ ఎదుట మెరిసే నల్ల బూట్లు ఆగాయి.

ఫక్రుద్దీన్ ఆ డీలర్ దగ్గర సర్వీస్ మేనేజర్. హైదరాబాదు మనిషి, నాతోపాటే పదిహేనేళ్ళుగా ఈ దేశంలో ఉన్నాడు. మూడు కేసుల్లో మేమిద్దరం తలపడ్డాం, రెండు అతనే గెలిచాడు. మూడోది కూడా గెలిచానని చెప్పుకుంటాడు. నేను బయటికి పాకి వచ్చి దుమ్ము దులుపుకునేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఫక్రుద్దీన్ భాయ్, ఈ చోట డీజిల్‌తో తుడిచింది ఎవురు?"

"మేమే. ఫోటో సాఫ్‌గ రావాలని. తప్పా?"

"సాక్ష్యం తుడిచినట్టయింది."

"సాక్ష్యం తుడవలే, ముందే ఫోటో దీసి మరీ తుడిచినం. ఉత్తరంతోని పంపిన గదా, జూడలేదా?" అంటూ సంచిలోంచి కాగితాలు తీశాడు. "ఇగో. యాక్సిడెంట్ అయిన గంటకే నేనే స్పాట్‌ల దీసిన. టైము అందులనే ఉన్నది. మీ పనివాడు కుడి చెవి పక్కన గీతలు గీసుకున్నడు. వెల్డింగ్ చేసేటోడు గీసుకునే మార్కింగ్. అంటే ఏంది? కుడి దిక్కు పని చేసింది ఈడే. దీనికంటే పెద్ద సబూత్ ఏం గావాలె?"

ఉత్తరానికి జతచేసిన ఫోటోలు నాకు మెయిల్‌లో వచ్చాయి, కానీ గోరంత, మసక మసకగా వచ్చాయి. ఇప్పుడు అతని చేతిలోది కాగితమంత పెద్దది. కిందమూల టైము: ఆదివారం, 5.20. మధ్యలో, చిరిగిన ఇనుము పక్కన, నల్లటి ఛాసిస్ మీద తెల్లటి బలపం రాత.

నేను చదివాను. మళ్ళీ చదివాను. తర్వాత ఫక్రుద్దీన్ మొహం చూశాను. అతను ధీమాగా మీసం దువ్వుకుంటున్నాడు. అప్పుడు నాకు అర్థమైంది.

"ఫక్రుద్దీన్ భాయ్, నువ్వు యా మీడియం?"

"ఉర్దూ మీడియం. ఎందుకు?"

"తెలుగు చదవను రాదా?"

"మాట్లాడ్త గదా, సరిపోదా? బస్సు బోర్డులు గూడ అంకెలు జూసి ఎక్కేటోన్ని."

"ఇవి గీతలు కాదు సామీ. తెలుగు. 'గిది రేపు. బండి తియ్యద్దు' అని రాసుండాది. అంటే కుడిదానికి పని చేయలేదు, రేపు చేస్తాను, అంతదాకా బండి కదిలించొద్దు అని. నువ్వే ఫోటో తీసి, టైము వేసి, కంపెనీ ముద్ర కొట్టి పంపినావు."

అతను ఫోటో లాక్కుని తలకిందులుగా కూడా తిప్పి చూశాడు. "మీరు మీ మనిషిని కాపాడనీకి ఏదో ఒకటి చదివి జెప్తున్నరు. నాకేం ఎర్క?"

న్యాయమైన అనుమానమే. నేనైనా అదే అడిగేవాణ్ణి.

"లింబాద్రీ, ఇటు రా. ఆ ఫోటో నీకు చూపించను. బలపం ఉండాదా? ఆ రోజు ఏం రాసినావో, ఎట్ల రాసినావో, ఆ లారీ తలుపు మీద అట్లనే రాయి."

లింబాద్రి జేబులోంచి వేలెడంత బలపం ముక్క తీశాడు. కాపరి జేబులో బలపం ఎందుకుందని ఈసారి ఎవరూ అడగలేదు. తలుపు ముందు ఒక క్షణం నిలబడి రాశాడు. ఫక్రుద్దీన్ ఫోటో పట్టుకుని దగ్గరికి పోయాడు. చదవడం రాని మనిషి కాబట్టే ఆకారాలు తప్ప ఇంకేం చూడడు. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, ఫోటో మీద వేలు పెట్టి, వంకరా టింకరా అన్నీ సరిచూశాడు. చివరి అక్షరం కింద వేలాడే కొక్కెం రెండు చోట్లా ఒకలాగే ఎడమకు వాలింది. అతని వేలు అక్కడ ఆగింది.

"ఆదివారం అయిదూ ఇరవైకి ఇది రాసే ఉండాది," అన్నాను. "పోలీసులు లింబాద్రిని పట్టుకున్నది రాత్రి తొమ్మిదికి, నలభై కిలోమీటర్ల అవతల గొర్రెల దొడ్డి దగ్గర. తర్వాత రాసిందని కూడా అనలేవు."

"సరే, రాసిండు," అన్నాడు ఫక్రుద్దీన్. గొంతు గట్టిగానే ఉంది. "రాసిండు అంటే చేయలేదని ఎట్ల? అసలు మా బండికి పగులు ఎందుకుంటది? ఈడు ఎడమదాన్ని కాల్చిండు, ఆ వేడికి కుడిది..."

"ఆ వేడి ఆరడుగులు నడిచి పోయిందా? నీ మాట గొర్రెపళ్ళ లెక్క ఉండాది."

"మస్తాన్ భాయ్, జబాన్ సంభాలో."

"నోరు నువ్వే సంభాళించు. ఒక మనిషి బతుకు ఉండాది ఈ కాగితంలో."

ఇద్దరం ఒకరి మొహంలో ఒకరం ఊపిరి వదులుతున్న సమయాన అజాన్ వినబడింది. పన్నెండు దాటి అయిదు నిమిషాలు. కోపం ఎంతుంటేనేం, యార్డుకు ఉన్నది ఒకే చిన్న మసీదు, కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూకు ఉన్నది ఒకే కుళాయి. నేను మొహం కడుక్కుంటుంటే అతను పక్కన నిలబడ్డాడు. వరసలో చోటు కూడా పక్కపక్కనే దొరికింది. భుజానికి భుజం ఆనించి నిలబడ్డాం. నమాజు అయ్యాక సలాముకు తల తిప్పితే అతని కళ్ళు మూసుకుని ఉన్నాయి. అంతసేపు మూసుకుని ఉండవలసిన అవసరం లేదు.

పన్నెండూ ముప్పై అయిదుకు తిరిగి వచ్చేసరికి లింబాద్రి కాళ్ళు కారవాన్ కిందినుంచి బయటికి ఉన్నాయి. మేము నమాజులో ఉన్నంతసేపూ అతను ఖాళీగా కూర్చోలేదు.

"సార్, జర ఇటు అద్దం వెట్టుండ్రి," అని పిలిచాడు.

ఊడిన హ్యాంగర్ మొదలు దగ్గర నల్లరంగును మేకుతో గీకాడు. రంగు కింద ఇంకో నల్లరంగు ఉంది. రెండు రంగుల మధ్య సన్నటి వెల్డింగ్ గీత, పైపైన తేలిపోయింది, ఇనుములోకి దిగలేదు. దాని అంచున వెంట్రుకంత తీగ ముక్క ఒకటి పొడుచుకుని ఉంది.

"గిది రాడ్డు పని గాదు సార్. సీఓటూ మిషన్ పని. తీగ దానంతటదే అచ్చే మిషన్. నా దగ్గర అది లేదు, నేను పన్జేసిన షాపుల గూడ లేకుండె. ఇంకోటి జూడుండ్రి, పగులు లోపల తుప్పు. నాలుగు రోజులల్ల గింత తుప్పు పట్టదు. ఇది కొన్న రోజే పగిలి ఉన్నది."

ఫ్యాక్టరీలో వేసిన రంగు ఒకటి. దాని మీద వెల్డింగ్. దాని మీద మళ్ళీ రంగు. అంటే ఫ్యాక్టరీ దాటాక, కొన్నవాడి ఇంటికి చేరకముందు, మధ్యలో ఎవరో అతికించి మసి పూసి మారేడుకాయ చేశారు. మధ్యలో ఉన్నది డీలర్ ఒక్కడే.

నేను బయటికి వచ్చి ఫక్రుద్దీన్‌కు ఎదురుగా నిలబడ్డాను. అరవలేదు. అరవాల్సిన పని లేదనిపించింది.

"ఈ ఊర్లో సీఓటూ మిషను యాడుండాది భాయ్?"

"శానా చోట్ల."

"కారవాన్లు చేసే వర్క్‌షాపుల్లో?"

అతను కారవాన్ వైపు నుంచి చూపు తిప్పుకున్నాడు.

"అమ్మకముందు తనిఖీ చేసినట్టు మీ కాగితం ఉండాది. సంతకం మీ సౌదీ టెక్నీషియన్‌ది. ఆయన్ని పిలిపిస్తావా? నాలుగు మాటలు అడుగుతా."

"ఆయన రాడు."

"ఈరోజు రాడా?"

"ఏ రోజూ రాడు. నితాకత్ లెక్కకు, సౌదీలు ఇంతమంది ఉండాలె గదా, పేరు రాసిన్రు. నేను గూడ ఆయనను జూడలే." ఫక్రుద్దీన్ లారీ మెట్టు మీద కూలబడ్డాడు. మెరిసే బూట్ల మీద దుమ్ము పడింది, తుడుచుకోలేదు. "సంతకం నేనే చేసిన. వెల్డింగ్ గూడ నేనే చేసిన."

అతను మంచి మెకానిక్ అని నాకు తెలుసు. పదిహేనేళ్ళ కిందట ఈ ఊళ్ళో ఇంజన్ చప్పుడు విని జబ్బు చెప్పేవాళ్ళలో ఒకడు. అందుకే ఆ మాట విన్నప్పుడు గెలిచినట్టు అనిపించలేదు. బాధ వేసింది.

"ఓడల వచ్చేటప్పుడు గొలుసులు హ్యాంగర్లకు కట్టిన్రు," అన్నాడు. "దిగేసరికి అన్నీ వంగి ఉన్నయి. అసలే అవి పల్చటి రేకు, తయారుచేసేటప్పుడే కక్కుర్తి. మార్చాలె అని జెప్పిన. కొత్తవి రానీకి మూడు నెలలు. చలికాలం అయిపోతది, ఎవరు కొంటరు అన్నడు మా జీఎం. వర్క్‌షాపుల ఆరుగురు ఉండిరి, లెవీ అని అయిదుగురిని పంపేసిన్రు. నేనొక్కన్నే మిగిలిన. రెండు రోజులల్ల అన్నీ సీదా చేసి, అతికించి, రంగేసి పంపిన. చేతులు పడిపోయినయి భాయ్. సగం టాకాలే వేసిన. ఆగుతయనుకున్న."

"అన్నీ అంటే ఎన్ని?"

"పన్నెండు బండ్లు."

ముందు చేయవలసింది ముందు చేశాను. కారు బానెట్ మీద కాగితం పెట్టి రిపోర్టు రాశాను: కుడి హ్యాంగర్ మీద బయటి పనివాడి వెల్డింగ్ లేదు, ఊడింది అమ్మకానికి ముందు చేసిన పని, బయటి పనివాడు బాగుచేసిన ఎడమ హ్యాంగర్ చెక్కుచెదరలేదు, బండి నడపవద్దని అతను హెచ్చరిక రాశాడు, అనువాదం జతపరిచాను. సంతకం, ముద్ర, ఫోటోలు. కింద ఒక గీత ఖాళీ వదిలి ఫక్రుద్దీన్ ముందు పెట్టాను. అతను రెండుసార్లు చదివాడు. అరబ్బీలో రాశాను కాబట్టి ఈసారి చదవగలిగాడు. సంతకం చేసి కలం నాకు తిరిగిచ్చాడు.

ఒంటిగంటా పదికి ఆఫీసరుకు పంపాను. ఇరవైకి జవాబు వచ్చింది. లింబాద్రి ప్రయాణానికి అభ్యంతరం లేదు, కఫీల్ దగ్గర పాస్‌పోర్టు తీసుకుని పోవచ్చు.

చదివి చెబితే లింబాద్రి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. కాసేపటికి చేతులు తీసి, "గని సార్, కఫీల్ ఫోన్ ఎత్తుతలేడు గదా. మూడు రోజులాయె. ఎటువోయిండో," అన్నాడు.

"ఎవరు నీ కఫీల్?" అని అడిగాడు ఫక్రుద్దీన్.

"అబూ తలాల్."

ఫక్రుద్దీన్ లేచి నిలబడ్డాడు. "గొర్రెల దొడ్డి అబూ తలాల్? పంతులుకు చుట్టం? ఇద్దరూ ఒక్కరోజే కొన్నరు," అన్నాడు. ఫోన్ తీసి పన్నెండు పేర్ల జాబితా తెరిచాడు. వేలు ఏడో పేరు మీద ఆగింది. "పొద్దున మా దగ్గర్నే టైర్లకు గాలి కొట్టిచ్చుకున్నడు. జొహర్ నమాజు కాంగనే పిల్లలను ఏసుకొని విడిదికి పోతున్న అన్నడు. కైసూమా రోడ్డు."

ఒంటిగంటా ఇరవై రెండు. నమాజు అయ్యి గంట కావస్తోంది.

లింబాద్రి అప్పటికే తన ఫోన్ నుంచి కొడుతున్నాడు. మోగుతోంది, ఎత్తడం లేదు. నా నంబరు నుంచి నేను కొట్టాను. తెలియని నంబరు, కట్ చేశాడు. పోలీసుల గొడవ నుంచి తప్పించుకుంటున్న మనిషి ఎవరి ఫోన్ ఎత్తుతాడు? గాలి కొట్టించుకున్న షాపువాడిది ఎత్తుతాడు.

నేను ఫక్రుద్దీన్ వైపు చూశాను. నేను అడగకముందే అతనికి అర్థమైంది. ఆ ఫోన్ చేసి, మేము అమ్మిన బండి పనికిరాదు అని తన నోటితో చెబితే అతని ఉద్యోగం అక్కడితో సరి. ఉద్యోగం పోతే ఇకామా, ఇకామా పోతే అన్నీ. కాగితం మీద సంతకం వేరు, నోటి మాట వేరు. అతను నంబరు నొక్కాడు. స్పీకర్ పెట్టాడు.

రెండో రింగుకే ఎత్తాడు. వెనక పిల్లల కేకలు, గాలి హోరు.

"అబూ తలాల్, నేను ఫక్రుద్దీన్‌ను. మీ కారవాన్..." అరబ్బీలో అంతవరకే అనగలిగాడు.

లింబాద్రి ఫోన్ అందుకున్నాడు. "బాబా, వగ్గిఫ్. ఆపు. బండి పక్కకు దీసి ఆపు బాబా."

అవతలి మనిషి గొంతు గుర్తుపట్టాడు. "లింబాద్రి?"

"నేనే. వగ్గిఫ్. చక్రం కాడి ఇనుము పగిలింది. మెల్లగ, బ్రేకు గుద్దకు. పంతులు బండి లెక్కనే."

మాకు వినబడింది చక్రాల కింద కంకర చప్పుడు. అది తగ్గింది, ఆగింది. తలుపు తెరిచిన చప్పుడు. పిల్లల్ని దిగమంటున్న కేక. తర్వాత చాలాసేపు గాలి తప్ప ఏమీ లేదు.

అబూ తలాల్ గొంతు మళ్ళీ వచ్చింది, మారిపోయిన గొంతు. "చూశాను. వేలెడంత ఆధారం మీద వేలాడుతోంది. వెనక అయిదుగురు పిల్లలు కూర్చుని ఉన్నారు." కారు తలుపు మళ్ళీ తెరిచిన చప్పుడు. "లింబాద్రి, నీ పాస్‌పోర్టు నా దగ్గరే ఉంది. కారు అరలో. మూడు రోజుల నుంచి నీ ఫోన్ చూస్తూనే ఉన్నాను. సిగ్గుతో ఎత్తలేదు. ఈ బండికి ఇంకెవరినీ నమ్మను, నువ్వే రా. నిన్ను రేపు దమ్మాంకు నేనే తీసుకుపోతాను."

"అస్తున్న బాబా. చక్రాలకు రాళ్ళు వెట్టు. పిల్లలను దూరం గూసోవెట్టు."

ఫక్రుద్దీన్ అప్పటికే తన వ్యాను వెనక తలుపు తెరిచాడు. అందులో జనరేటరు, కేబుళ్ళు, రాడ్డు వెల్డింగ్ సెట్టు ఉన్నాయి. కోటు విప్పి సీటు మీద పడేశాడు. "పంతులు బండి పోయింది, ఏడో నంబరు ఆగింది. ఇంక పది," అన్నాడు నాతో. "గురువారం మధ్యాహ్నం, అందరూ రోడ్డెక్కే టైము. సగం పేర్లు మీరు కొట్టుండ్రి, సగం నేను కొడ్త."

జాబితా అందుకున్నాను. మొదటి నంబరు మోగుతోంది, ఎత్తలేదు. రెండోది స్విచాఫ్. మూడోది మోగుతోంది. లింబాద్రి వ్యాను ఎక్కి పెట్టెలు తెరిచి చూస్తున్నాడు. శనివారానికి గడువు ముగిసే మనిషి, పాస్‌పోర్టు దొరుకుతుందని తెలిసిన మనిషి, నన్ను ఒక్కటే అడిగాడు.

"సార్, పది బండ్లంటే, బండికి నాలుగు లెక్కన, నలభై చెవులు. ఈ రాడ్లు సరిపోవు. తొవ్వల ఏదన్న దుకాణం తెరిచుంటదా?"